లక్కపిడతల యూరు – ఏటికొప్పాక

చిన్ననాట లక్కపిడతలతో ఆడుకొనని తెలుగు ఆడుబిడ్డ అరుదు. నాలుగు బియ్యపు నూకలు, ఒక బెల్లపు ముక్క, గుప్పెడు శనగపప్పు కొంగున కట్టుకొని, అరుగు మూలను పొయ్యి, కుండ, మూకుడు, గరిటె, తిరుగలి, రోలు, రోకలి వరుసగా పేర్చుకొని, గుజ్జెనగూళ్ళు వండి బొమ్మల పెండ్లికి వచ్చిన చుట్టములకు వడ్డించుట మనమందరము ఎఱిగిన వేడుకయే. పోతనామాత్యుడు రుక్మిణీదేవి బాల్యమును వర్ణించుచు ఆమెచేత బొమ్మల పెండ్లిండ్లు చేయించెను, గుజ్జెనగూళ్ళు వండించెను. తిక్కన సోమయాజి విరాటపర్వమున, కౌరవసేనపైకి బయలుదేరుచున్న బృహన్నలను ఉత్తర కోరిన కోరిక యేమి? తన బొమ్మపొత్తికలకు మేలైన వస్త్రములు తెమ్మని. పసుల మంద పోయెనని పురమంతయు తల్లడిల్లు వేళ ఆ బాలకు బొమ్మల గుడ్డలు జ్ఞప్తికి వచ్చినవి. మనము చదివి నవ్వుకొందుము గాని, పిల్లల లోకమున ఆటవస్తువు ఎంతటిదో ఆ మహాకవులకు బాగుగ తెలియును.

అంతటి వస్తువును ఎవరు చేయుచున్నారు? ఏ కఱ్ఱతో, ఏ రంగుతో చేయుచున్నారు? బిడ్డ చేతికిచ్చిన బొమ్మ క్షణములో నోటికి పోవునని తల్లులందఱకు తెలియును. వండు కుండను, త్రాగు నీటిని పరీక్షించు మనము, బిడ్డ చప్పరించు బొమ్మను పరీక్షింపవలదా? ఈ ప్రశ్నకు సమాధానము ఒక యూరే చెప్పగలదని విని, మేము ఆ యూరు చూడబోయితిమి. అది ఏటికొప్పాక.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, ఎలమంచిలి మండలమున, వరాహనది యొడ్డున నున్న గ్రామము. 2022 ఏప్రిల్ నెలలో జిల్లాలను పునర్విభజించువఱకు ఇది విశాఖపట్టణము జిల్లాలోనిది. విశాఖనుండి నైరుతి దిక్కున 60 కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున నున్నది. ఎలమంచిలిలో రైలు దిగి ఆటో నెక్కితిమి. ఇరుప్రక్కల చెఱకు తోటలు, వరిమళ్ళు, అక్కడక్కడ తాటితోపులు. అనకాపల్లి బెల్లమునకు పేరుపడిన సీమ గదా, గాలియే తియ్యగా నున్నట్లు తోచెను. పడమటి దెసను తూర్పుకనుమల కొండలు నీలముగా కనబడుచుండెను. ఊరి పేరులోనే ఏరున్నది. ఆ యేటి నీరు పొలములను పెంచినది. ఆ కొండల అడవి బొమ్మలను పెంచినది. నీరును, అడవియు చేరువగా నున్న చోట చేతిపనులు పుట్టుట సహజమే.

ఊరిలో అడుగిడగానే బొమ్మల కార్ఖానాలని చెప్పదగిన పెద్ద కట్టడము లేవియు మాకు కనబడలేదు. ఇంటికి చేర్చి వేసికొన్న రేకుల పంచలే పనిచోటులు. మేము చూచిన చోటున నాలుగు యంత్రములు గోడవెంబడి అమర్చియుండెను. నేలనిండ తెల్లని కఱ్ఱపొట్టు. ఒక మూలను బొగ్గుల కుంపటి. దానిమీద కరగుచున్న లక్క వాసన, అగరువత్తి వాసనకును కాలిన చక్కెర వాసనకును నడుమ నున్నట్లుండెను. ఇంటి యజమాని, అతని భార్య, పెద్దకొడుకు, పొరుగింటి పడుచు ఒకతె పనిలో నుండిరి. మమ్ము చూచి పని ఆపబోయిరి గాని, ఆపవలదని మేమే కోరితిమి. పనిని చూచుటకు గదా వచ్చినది!

మొదట కఱ్ఱ సంగతి చెప్పెదను. ఇచ్చటి బొమ్మలకు ప్రాణము అంకుడు కఱ్ఱ. అంకుడు మరీ పెద్దది గాని చెట్టు. కొమ్మ విఱిచిన పాలు కారును. కఱ్ఱ తెల్లగా, దంతమువలె నునుపుగా, తేలికగా నుండును. పొరలు సన్నము గనుక ఉలికి మెత్తగా లొంగును, పేళ్ళు లేవదు. దీని ఆకులనుండి నీలివంటి రంగు తీయవచ్చును. అందుచేతనే వృక్షశాస్త్రజ్ఞులు దీనికి లాటిను భాషలో అద్దకపు చెట్టను అర్థము వచ్చునట్లు పేరు పెట్టిరి. కర్ణాటకములోని చన్నపట్టణమున లక్కబొమ్మలు చేయువారును పూర్వమునుండి ఈ చెట్టునే నమ్ముకొన్నవారు. మన కొండపల్లి బొమ్మ వేఱు జాతిది. అది తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, కుంచెతో రంగులు వేసినది. కొండపల్లి బొమ్మ చెక్కినది, ఏటికొప్పాక బొమ్మ త్రిప్పినది అని గుర్తుంచుకొనిన చాలును.

నఱికి తెచ్చిన కఱ్ఱను వెంటనే వాడరు. నీడను ఆరబెట్టి, తడి పూర్తిగా పోయినపిదపనే ముక్కలు కోయుదురు. పచ్చికఱ్ఱతో చేసిన బొమ్మ కొన్నాళ్ళకు బీటలు వాఱును, లక్కయు పట్టదు. "అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడలి లాంటిదమ్మా కర్ర. తొందరపెడితే పగిలిపోద్ది" అని ఇంటి యజమాని నవ్వుచు చెప్పెను. అతని భార్య అతనివంక ఒక చూపు చూచి, తన పనిలో తాను మునిగెను.

ఆరిన ముక్కను తరిమెనకు బిగింతురు. తరిమెన యనగా కఱ్ఱను గిరగిర త్రిప్పుచు గుండ్రముగా చెక్కుటకు వీలు కల్పించు సాధనము. ఇప్పుడు దానిని లేతు మిషను అనుచున్నారు. పూర్వము దానిని త్రిప్పుటకు ఒకరు తాడు లాగవలసి యుండెడిది. వేఱొకరు ఉలి పట్టవలసి యుండెడిది. ఇప్పుడు విద్యుత్తు త్రిప్పుచున్నది. తిరుగుచున్న కఱ్ఱకు ఉలి మొన సోకగానే తెల్లని రిబ్బనువంటి పొట్టు జీరాడుచు రాలును. చూచుచుండగనే ఆ ముక్కకు మెడ వచ్చినది, కడుపు వచ్చినది, అడుగు వచ్చినది. అది చిట్టి కుండయైనది. కొలతబద్ద లేదు, గీత లేదు; కన్నే కొలత, వ్రేలే బద్ద. మూత వేఱుగా చేసి దానిపై నుంచినప్పుడు, గాలి కూడ దూఱనంత బిగువుగా కూర్చున్నది. మన పూజామందిరములందలి కుంకుమభరిణెల మూతలు అట్లు సరిపోవుట వెనుక ఈ కన్నును, ఈ వ్రేలును ఉన్నవని అప్పుడు తెలిసినది.

పిదప లక్క. ఇది మనకు క్రొత్తది కాదు. అథర్వవేదమున లాక్షను గూర్చి యొక సూక్తమే యున్నది. దుర్యోధనుడు పాండవులను దహింపదలచి కట్టించినది లక్కయిల్లు. మన ముత్తవ్వలు పాదములకు పెట్టుకొనిన లత్తుక ఈ లక్కనుండి తీసిన ఎఱుపే. మోదుగ, రేగు మొదలగు చెట్ల లేగొమ్మలపై ఒక సన్నని పురుగు చేరి, రసము పీల్చి, తన చుట్టును బంకవంటి గూడు కట్టుకొనును. ఆ గూటిని కొమ్మతో గూడ కోసి, గీకి, కడిగి, కరగించిన లక్క యగును. మన దేశమున ఇది మిక్కిలిగ జార్ఖండు, ఛత్తీస్‌గఢు అడవులందు పండును. అడవిబిడ్డలు ఏరి తెచ్చిన పంట మన బిడ్డల బొమ్మపై మెఱుగై కూర్చున్నది.

లక్కను కుంపటిమీద మెత్తబఱచి, రంగు చేర్చి, జీళ్ళపాకమును లాగినట్లు లాగి, మడిచి, మరల లాగి, రంగు అంతటను సమముగా కలియువఱకు మర్దించి, కడ్డీలుగా చేయుదురు. ఈ కడ్డీని తిరుగుచున్న బొమ్మకు ఒత్తిపట్టిన, ఆ ఒరపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు అంటుకొనును. కుంచె లేదు, నూనె లేదు, వార్నీషు లేదు. ఆ పైని ఎండిన మొగలి ఆకును మడిచి అదిమి పట్టగనే, గరుకుగా నున్న రంగు ఒక్కసారిగా అద్దమువలె మెఱసెను. మొగలిపూవును జడలో తుఱుముకొనుటయే గాని, దాని ఆకు ఇంతటి పని చేయునని నే నెఱుగను. పసుపుపచ్చ కడ్డీ పట్టి, దానిప్రక్కను ఎఱ్ఱ కడ్డీ పట్టి, నడుమ సన్నని నల్లగీత గీయుటకు అతనికి పట్టిన కాలము, మనము ఒక తమలపాకు చిలుక చుట్టుకొను కాలము.

ఇక రంగుల సంగతి. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే గనుక సోదరీమణులు కొంచెము శ్రద్ధతో వినవలెనని కోరుచున్నాను.

ఇరువదవ శతాబ్దమున రసాయనపు రంగులు బజారులో చౌకగా దొరకజొచ్చినవి. చెట్టుచేమలనుండి రంగు తీయుట కష్టము; కాలము పట్టును; ఋతువునుబట్టి వన్నె మాఱును. పొట్లము విప్పి లక్కలో కలిపిన చాలు, కన్నులు జిగేలుమను రంగు వచ్చునప్పుడు ఎవరు కాదందురు? పూర్వపు రంగులు మూలబడినవి. అందు ఈ యూరివారి దోష మేమియు లేదు. లోకమంతయు అటులనే నడచినది. కాని ఆ చౌకరంగులలో కొన్నిటియందు సీసము మొదలగు విషలోహములుండును. సీసమును, క్రోమియమును కలిసిన పసుపు వన్నెయు, సీసమునుండి చేసిన సిందూరపు వన్నెయు చూపునకు మిక్కిలి యందమైనవి. అవియే మిక్కిలి హానికరమైనవి.

సీసము బిడ్డల మెదడును దెబ్బతీయును. చదువునందు మాంద్యము, చూపు నిలుపలేకపోవుట, నెత్తురు తఱుగుట దానివలన కలుగును. పెద్దలకంటె పసిపిల్లల శరీరము నాలుగైదు రెట్లు అధికముగ సీసమును పీల్చుకొనునని వైద్యులు చెప్పుదురు. నెత్తుటిలో ఇంతవఱకు ఉన్నను హాని లేదని చెప్పదగిన పరిమాణ మేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దుర్యోధనుని లక్కయింటి గుట్టు విదురుడు ముందుగ సూచించెను గనుక పాండవులు బ్రతికిరి. పసిబిడ్డకు విదురు డెవరు? తల్లియే.

ఏటికొప్పాక గొప్పతన మేమనగా, పోయిన దారిని మరల వెదకికొన్నది. ఈ గ్రామమువారే యైన చింతలపాటి వెంకటపతి రాజుగారు ఈ పనివారిని కూడగట్టుకొని, చెట్టుచేమల రంగులను మరల లక్కలో నిలుపుటకు సంవత్సరములకొలది పాటుపడిరి. గుడ్డకు అద్దిన రంగు వేఱు, లక్కలో కలిపిన రంగు వేఱు. గుడ్డ నీటిలో నానును; లక్క నీటితో కలియదు. అందుచేత కషాయము కాచి, రంగును చిక్కబఱచి, లక్కతో పొందించు ఉపాయము లన్నియు క్రొత్తగా కనుగొనవలసి వచ్చినవి. ఈ కృషికి వారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించెను. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చెను. అనగా ఇతరులు వేఱుచోట చేసిన సరకును ఈ పేరుతో అమ్మరాదు. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవపు ఊరేగింపున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఊరేగినవి ఈ బొమ్మలే.

ఆ రంగులు వేనినుండి వచ్చునో చూచినప్పుడు నాకు మన వంటయిల్లును, పెరడును చూచినట్లే యుండెను. పసుపుపచ్చకు పసుపుకొమ్ము. నారింజవన్నెకు జాఫ్రా గింజలు; పైదేశములవారు వెన్నకును, జున్నునకును వన్నె తెచ్చుటకు వాడు గింజ లివియే. ఎఱుపునకు లక్కయు, మంజిష్ఠయు. నీలమునకు నీలిమందు. నీలమును పసుపును కలిపిన ఆకుపచ్చ. కరక్కాయను చూడగానే, మా తాతగారు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకొనిన సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఈ రంగులు రసాయనపు రంగులవలె కేకలు వేయవు, మెల్లగా మాటలాడును. పెద్ద ముత్తైదువ నుదుటి బొట్టువలె నిండుగా, చల్లగా నుండును.

మధ్యాహ్నమున ఇంటి యజమాని భోజనమునకు లేచినపిదప అతని భార్య నా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. ఆమె చేతిలో సగము పూర్తియైన బొంగర మొకటి యుండెను. "ఎన్ని ఏండ్లనుండి చేయుచున్నావమ్మా?" అని అడిగితిని.

"పెళ్ళయి వచ్చిన కాడ్నించీ అమ్మా. అప్పుడు కరెంటు మిషను లేదు మాకు. తాడు నేను లాగేదాన్ని, బొమ్మ ఆయన చేసేవోడు. కడుపుతో ఉన్నప్పుడూ లాగాను. బొమ్మ ఎవరు చేశారంటే మాత్రం ఆయన పేరే చెప్పేవోరు" అనెను. ఆ మాటలో నిష్ఠూరము లేదు. ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పుటయే.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు తాడు లేదు కదా! ఖాళీ చేతులు ఊరుకోవు. ఆయన సంతకెళ్ళినప్పుడు ఉలి పట్టి చూశాను. మొదట్లో కర్ర ఎగిరి మొహాన తగిలింది. తరవాత వచ్చేసింది. ఇదిగో, ఈ బొంగరం నాదే" అని దానిని నేలపై వదలెను. అది నిలిచియున్నదో తిరుగుచున్నదో తెలియనంత నిశ్చలముగ చాలసేపు తిరిగెను. మేమిరువురము మాటలాడక దానినే చూచుచు కూర్చుంటిమి.

తాడు లాగు చేయి లేనిదే ఉలి పట్టు చేయి యేమి చేయగలదు? మన యిండ్లలోను అంతే గదా! కనబడని తాడు లాగుచునే యుందుము. ఆ తాడును యంత్రము లాగజొచ్చినపుడు, ఆడుదానికి ఆ చోట పని లేకుండ పోవుటయు కలదు. ఉలి చేతికి వచ్చుటయు కలదు. ఈమెకు ఉలి వచ్చినది. అది ఆమె తనకు తాను తెచ్చుకొన్నది. పొరుగింటి పడుచునకు ఇప్పుడు తరిమెన నేర్పుచున్నదియు ఆమెయే.

"మీ అమ్మాయికి నేర్పలేదా?" అనగా ఆమె నవ్వు కొంచెము తగ్గెను. "ఇంటరు చదువుతోందమ్మా. ఈ పనిలోకి రానంటోంది. ధూళి, పొగ, కూర్చుంటే నడుం నొప్పి. బొమ్మకి వచ్చే డబ్బు చూస్తే నేను రమ్మని ఎలా చెప్పను?" అనెను.

ఈ మాటకు నావద్ద సమాధానము లేకపోయెను. చేతిపనులు నశించుచున్నవని మనము సభలలో చింతింతుము. మన కొలువులకు బొమ్మలు కావలెను గనుక ఆ బిడ్డ చదువు మాని తరిమెనముందు కూర్చుండవలెనని కోరుటకు మనకేమి హక్కున్నది? ఆమె చదువుకొనవలసినదే. చదువుకొనినపిదప కూడ, ఈ పని గౌరవమైనది, కడుపు నింపునది అని తోచిన తానే వచ్చును. అట్లు తోపించుట కొనువారి చేతిలో నున్నది.

రెండవ చింత చెట్టునుగూర్చినది. అడవులు తఱుగుచున్నవి. పూర్వము చేరువ కొండలలో దొరకిన అంకుడు కఱ్ఱకై ఇప్పుడు దూరము పోవలసి వచ్చుచున్నదని అతడు చెప్పెను. అంకుడునందు ఒక సుగుణ మున్నది. మొదలంట పెకలింపక మోడు విడిచి నఱికిన మరల చిగురించి కొమ్మలు వేయును. పుష్పముల గుత్తిని త్రుంచినను తీగ బ్రతికినట్లు, కొమ్మను కోసికొనుచు చెట్టును నిలుపుకొనవచ్చును. బొమ్మకు కావలసినది పెద్ద దూలము గాదు, చేతిలావు కొమ్మయే. కావున గట్లమీద, బంజరులందు ఈ చెట్టును నాటి పెంచిన, అడవికి చేటు లేక పని సాగును. బొమ్మలు కొనువారు పెరుగవలెనన్న, ముందు చెట్లు పెరుగవలెను.

శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండితో ఆడుకొని, అది వారు తీసికొనిపోగా, దాసి చేసి యిచ్చిన మట్టిబండి వలదని ఏడ్చును. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిని నింపును. నాటకమునకు మట్టిబండి యను పేరు వచ్చినది అందువలననే. పిల్లలు మెఱుపునకు ఆశపడుట నేటిది గాదు. ఇప్పటి పిల్లవాడు జాతరలో మెఱయు ప్లాస్టికు బండిని చూచి ఏడ్చును. మనము పది పైసలు తక్కువని దానినే కొందుము. నాలుగు నాళ్ళలో చక్రము ఊడును, పెంటపై పడును, ఏండ్లు గడచినను మట్టిలో కలియదు. అంకుడు బండి చక్రము ఊడిన మరల బిగింపవచ్చును. అన్న ఆడుకొన్న బండి తమ్మునికి పోవును, తమ్మునినుండి వాని కొడుకునకు పోవును. ధరలోని తేడా చూచునప్పుడు ఆ మూడు తరములను గూడ లెక్కలో వేసికొనవలెను.

ఇక గృహిణులకు ఉపయోగించు నాలుగు మాటలు. లక్క పూసినదెల్ల చెట్టుచేమల రంగు గాదు. కొన్ని చోట్ల రసాయనపు రంగులతో చేసిన లక్కబొమ్మలును అమ్ముదురు. కావున కొనునప్పుడు రంగు దేనితో చేసినదని అడుగుడు. నిజముగ చేసినవాడు సంతోషముతో విప్పి చెప్పును, సణుగువానివద్ద కొనకుడు. 2021 జనవరి 1 నుండి మన దేశమున అమ్ము ఆటవస్తువులపై ప్రమాణముద్ర యుండవలెనని నియమము వచ్చినది. నమోదైన చేతిపనివారికిని, భౌగోళిక గుర్తింపు గల వస్తువులకును దానినుండి మినహాయింపు ఇచ్చిరి. అది పేదపనివారికి మేలే. ఐనను ముద్ర లేనిచోట మన ప్రశ్నయే ముద్ర యని గుర్తుంచుకొనవలెను.

పండ్లు రాని బిడ్డలకు ఒకే ముక్కతో చేసిన గిలక్కాయలు, ఉంగరములు మంచివి. ఊడివచ్చు చిన్న భాగములున్న బొమ్మలు, చిట్టి పిడతలు మూడేండ్లు దాటినవారికే యీయవలెను. లక్క మరుగు నీటి వేడికి చాల ముందే మెత్తబడును గనుక లక్కబొమ్మలను వేడినీట కడుగరాదు, ఎండలో ఉంచరాదు, పొయ్యిచెంత పెట్టరాదు. మెత్తని పొడిగుడ్డతో తుడిచిన చాలును. కొలువు తీసిన తరువాత పాత నూలుచీర ముక్కలలో చుట్టి, గాలి సోకు పెట్టెలో వేపాకు వేసి దాచిన ఏండ్లకొలది వన్నె చెడవు. లక్కపిడతలు ఆడుపిల్లలకే యను నియమమును మన మేర్పఱచినదే. మగపిల్లవాడు గూడ పొయ్యి పెట్టి, కుండ నెక్కించి, తోబుట్టువుకు వడ్డింప నేర్చిన రేపటి సంసారమునకు మంచిదే.

మేము బయలుదేరునప్పుడు పిడతల జత యొకటి, కుంకుమభరిణె యొకటి, ఆమె త్రిప్పిన బొంగర మొకటి కొంటిమి. బేర మాడలేదు. ఆమె వానిని పాతకాగితమున చుట్టుచు, "బొమ్మలు మీ పిల్లలకా అమ్మా?" అని అడిగెను. పిడతలు మేనకోడలికి, బొంగరము నాకు అని చెప్పితిని. ఆమె మొదట నమ్మలేదు. పిదప పకపక నవ్వెను. "ఎవరు చేసిన బొంగర మని అడుగుదురు. ఏమి చెప్పమందువు?" అంటిని. ఆమె కొంచెము సేపాలోచించి, భర్తవైపు చూచి, మెల్లగా తన పేరు చెప్పెను. అతడు తలయెత్తి, "అవును, అదే చెప్పండి" అనెను.

రానున్న సంక్రాంతికి కొలువు పెట్టు సోదరీమణులు, మెట్లపై బొమ్మలను వరుసగా పేర్చునప్పుడు, వచ్చిన పేరంటాండ్రు ఏ బొమ్మ ఎక్కడ కొంటివని అడుగుదురు. ధర చెప్పుట మన కలవాటు. ఈసారి ధరతోబాటు చేసినవారి యూరును, చేసిన చేతిని గూడ చెప్పుడు. అడిగి కొనినవారికే అవి తెలియును.